మంటకు స్విచ్చా... రిమోటా... ఫోనా?

ఆఫీసు నుంచి బయల్దేరుతూనే ఫోన్‌లో ఏసీ ఆన్ చేసేస్తాం. గరాజ్ తలుపు వేశామో లేదో యాప్‌లో చూసుకుంటాం. లైట్లు ఆర్పమని పడుకునే నోటితో చెప్తాం. మరి హాల్లో, గోడలో ఉన్న గ్యాస్ మంట సంగతేంటి? ‘దాన్ని కూడా ఫోన్‌కి కలిపేస్తే పోలా’ అనే ఆలోచన మన జనరేషన్‌కి ముందుగా వస్తుంది. అలా కలపొచ్చు కూడా. కలపాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న.

అమెరికాలో ఉన్న మనవాళ్లలో చాలామందికి సొంతిల్లు కొన్నాకే ఫైర్‌ప్లేస్‌తో పరిచయం. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లానో, ఇర్వింగ్ లాంటి చోట్ల ఇల్లు చూడ్డానికి వెళ్తే హాల్లో అదొకటి కనిపిస్తుంది. పైన టీవీ, కింద అద్దం, వెనక కృత్రిమ దుంగలు. గృహప్రవేశం ఫొటోలు అక్కడే దిగుతారు. ఇక్కడి వాతావరణానికి చలికాలంలో కొన్ని వారాలు వాడితే గొప్ప. అందుకే అది దేనితో వెలుగుతుంది, దేనితో ఆగుతుంది అని పెద్దగా ఎవరూ ఆలోచించరు.

మాకు ఆలోచించక తప్పలేదు. మేం కొన్న ఇల్లు 2006లో కట్టింది. ఫైర్‌ప్లేస్ కూడా అప్పటిదే. చలికాలానికి ముందు సర్వీసింగ్‌కి వచ్చిన టెక్నీషియన్ గ్యాస్ వాల్వ్ పాతబడిపోయింది, మార్చాల్సిందే అన్నాడు. ‘ఎలాగూ మారుస్తున్నాం కదా, మీకు ఎలాంటి కంట్రోల్ కావాలో చెప్పండి’ అంటూ లిస్టు చదివాడు. గోడ స్విచ్, టైమర్, రిమోట్, థర్మోస్టాట్, వైఫై.

అప్పటికి ఇంట్లో మేం నలుగురు పెద్దాళ్లం, పది నెలల బాబు. ఖమ్మం నుంచి అమ్మా నాన్నా వచ్చి ఉన్నారు. నేనూ మా ఆవిడా ఆఫీసుకు వెళ్తే సాయంత్రం దాకా ఇంట్లో ఉండేది వాళ్లూ, బాబే. కాబట్టి ఇది నాకు ఏ గ్యాడ్జెట్ ముద్దొస్తోంది అన్న విషయం కాదు. మేం లేనప్పుడు ఆ మంట ఎవరి చేతిలో ఉండాలన్నది.

మొదట... మీది ఏ మంట?

కంట్రోల్ ఎంచుకునే ముందు మంట ఎలాంటిదో తెలియాలి. గ్యాస్ ఫైర్‌ప్లేస్‌లలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు.

మొదటిది ముందువైపు తెరిచి ఉండేది. ఒకప్పుడు కట్టెలు కాల్చిన గూట్లో గ్యాస్ బర్నర్, దాని మీద సిరామిక్ దుంగలు పెడతారు. పొగ పైనున్న చిమ్నీలోంచి పోవాలి. చిమ్నీకి డ్యాంపర్ అనే ఇనుప మూత ఉంటుంది. మంట వెలిగినప్పుడు అది తెరిచే ఉండాలి. మూసి ఉంటే మంటలోంచి వచ్చే వాయువులు ఇంట్లోకే వస్తాయి. అందుకే గ్యాస్ దుంగలు పెట్టినప్పుడు డ్యాంపర్ పూర్తిగా మూసుకోకుండా దానికి ఒక క్లాంపు బిగిస్తారు. ఈ రకం చూడ్డానికి బాగుంటుంది కానీ వేడిలో ఎక్కువ భాగం చిమ్నీలోంచి బయటికే పోతుంది.

రెండోది డైరెక్ట్ వెంట్. ముందు అద్దం సీల్ చేసి ఉంటుంది. మండటానికి కావాల్సిన గాలిని బయటి నుంచే తీసుకుంటుంది, పొగను బయటికే వదులుతుంది. గదిలో గాలితో సంబంధం లేదు. గదిని నిజంగా వెచ్చబెట్టేది ఈ రకం. మా ఇంట్లో ఉన్నది ఇదే.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు కొనుక్కునేది మూడో రకం, ఎలక్ట్రిక్ ఫైర్‌ప్లేస్. అందులో మంట ఉత్త లైటింగు. లోపలున్నది 1500 వాట్ల హీటర్. గోడ ప్లగ్గులోనే నేరుగా పెట్టాలి. పవర్ స్ట్రిప్‌కో, ఎక్స్‌టెన్షన్ వైరుకో పెడితే అవి వేడెక్కి కాలిపోవచ్చు. దీని గురించి ఇంతకన్నా చెప్పుకోడానికేం లేదు. మిగతా కథంతా గ్యాస్‌దే.

ఆవగింజంత మంట చేసే కాపలా

ఫైర్‌ప్లేస్ కింది ప్యానెల్ తీసి తొంగి చూస్తే పాత వాటిల్లో ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న నీలం మంట ఒకటి కనిపిస్తుంది. దాన్ని పైలట్ అంటారు. దాని పని పెద్ద బర్నర్‌ను అంటించడమే అనుకుంటాం. దానికి ఇంకో పెద్ద పని ఉంది.

ఆ మంటలో థర్మోపైల్ అనే ఒక చిన్న కడ్డీ ఉంటుంది. రెండు వేర్వేరు లోహాలను కలిపి ఒక కొసను వేడిచేస్తే కొద్దిగా కరెంటు పుడుతుంది. అలాంటి జంటల్ని వరసగా కలిపితే థర్మోపైల్. దాన్నుంచి వచ్చేది అర వోల్టు, ముప్పావు వోల్టు దగ్గర. టీవీ రిమోట్‌లో వేసే ఒక్క పెన్సిల్ సెల్లు ఇచ్చే 1.5 వోల్టుల్లో సగమో, అంతకన్నా తక్కువో. ఆ చిటికెడు కరెంటే గ్యాస్ వాల్వ్‌ను తెరిచి ఉంచుతుంది. అందుకే ఈ సిస్టమ్‌ని మిల్లీవోల్ట్ సిస్టమ్ అంటారు.

ఇందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఏ కారణం చేతనైనా పైలట్ ఆరిపోతే థర్మోపైల్ చల్లబడుతుంది. కరెంటు ఆగుతుంది. వాల్వ్ దానంతటదే మూసుకుంటుంది. గ్యాస్ రాదు. మధ్యలో ప్రాసెసర్ లేదు, కోడ్ లేదు, అప్‌డేట్ లేదు. మంట ఉందా అని చెక్ చేసేది మంటే. రోజంతా కోడ్ రాసే నాకు ఇంత శుభ్రమైన లాజిక్ ఆఫీసులో ఎప్పుడో గానీ కనపడదు.

ఇదేదో పరాయి టెక్నాలజీ అనుకోనక్కర్లేదు. మన ఊళ్లలో ఇప్పుడొస్తున్న కొన్ని గ్యాస్ స్టవ్‌లలో పాలు పొంగి మంట ఆరిపోతే గ్యాస్ ఆగిపోయే ఏర్పాటు ఉంటోంది కదా. అందులోనూ పనిచేసేది ఇదే సూత్రం.

పైలట్‌కి ఒక ఖర్చుంది. రకాన్ని బట్టి మారుతుంది గానీ, గంటకు 1000 బీటీయూ కాలుస్తుందనుకుందాం. రోజుకు 24,000. నెలకు 7,20,000, అంటే 7.2 థెర్మ్‌లు. థెర్మ్ డాలరున్నర అనుకుంటే నెలకు 11 డాలర్ల దాకా. ఎండాకాలంలో కూడా అలాగే వదిలేస్తే డబ్బుతో పాటు ఇంట్లోకి వేడి కూడా. దాన్ని చల్లార్చడానికి ఏసీ ఖర్చు అదనం. అందుకే వేసవి రాగానే పైలట్ ఆపేసి, చలికాలం ముందు వెలిగించుకోవడం మంచిది.

నాలుగు సెల్లుల స్పార్కు

కొత్త ఫైర్‌ప్లేస్‌లలో ఎక్కువగా వచ్చేది ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. ఇందులో పైలట్ ఎప్పుడూ వెలగదు. మనం ఆన్ చెయ్యగానే ఒక చిన్న బోర్డు టకటకా స్పార్కులిచ్చి పైలట్ అంటిస్తుంది. మంట అంటుకుందని సెన్సర్ చెప్పాకే పెద్ద బర్నర్‌కు గ్యాస్ వదులుతుంది. అంటుకోకపోతే గ్యాస్ ఆపేస్తుంది. మన బాత్‌రూముల్లో గ్యాస్ గీజర్‌ను గుర్తు తెచ్చుకోండి. కుళాయి తిప్పగానే రెండు పెద్ద బ్యాటరీలతో టకటక మంటూ అంటుకుంటుంది కదా, దాదాపు అలాంటిదే.

దీంతో వాడనప్పుడు గ్యాస్ ఖర్చు లేదు. రిమోట్, థర్మోస్టాట్, వైఫై లాంటివి తగిలించడమూ తేలిక. కానీ ఆ బోర్డుకు కరెంటు కావాలి. కరెంటు పోయినప్పుడు పనిచెయ్యడానికి చాలా మోడళ్లలో పెన్సిల్ సెల్లులు పెట్టే చిన్న ట్రే ఇస్తారు. ఆ ట్రే ఎక్కడుందో తెలిసిన ఇంటి యజమానులు మా ఫ్రెండ్స్‌లో ఎంతమందో అని అడిగితే, ఆరుగురిలో ఒక్కడు చెప్పాడు. మిగతా ఐదుగురూ ఆ రాత్రే వెళ్లి వెతికారు.

కరెంటు పోయిన ఆ వారం

టెక్సాస్‌లో చలికేముందిలే అనేవాళ్లకు 2021 ఫిబ్రవరి గుర్తుచెయ్యాలి. అప్పుడు నేను రిచర్డ్‌సన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. నలుగురు రూమ్మేట్లం, అంతా ఎలక్ట్రిక్ మీద నడిచే అపార్ట్‌మెంట్. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున కరెంటు పోయింది. మర్నాడు డాలస్ విమానాశ్రయంలో మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది. మన లెక్కలో మైనస్ 19 సెల్సియస్. రాష్ట్రంలో 45 లక్షల మందికి పైగా కరెంటు లేకుండా ఉన్నారు. ఆ తుపాను చావులు 246 అని ప్రభుత్వం తేల్చింది. అందులో ఎక్కువమంది చలికే పోయారు. కార్బన్ మోనాక్సైడ్‌కి 19 మంది బలయ్యారు.

మా నలుగురికీ తల దాచుకోడానికి చోటిచ్చింది ప్లానోలో ఉండే ఒక సీనియర్ అన్న ఇల్లు. ఆ వీధిలో అందరికీ గ్యాస్ సెంట్రల్ హీటింగ్ ఉంది. గ్యాస్ వస్తూనే ఉంది. అయినా ఇళ్లు చల్లబడిపోయాయి. ఎందుకంటే ఫర్నేస్ గ్యాస్‌దే అయినా దాని ఫ్యాను, బోర్డు కరెంటుతో నడిచేవి. అన్న ఇంట్లో మాత్రం పాత పైలట్ ఉన్న ఫైర్‌ప్లేస్. గోడ మీద స్విచ్ వేశాడు, వెలిగింది. కరెంటుతో పనే లేదు కదా. వేడిని గదిలోకి తోసే ఫ్యాను తిరగలేదు కానీ అద్దం నుంచి వచ్చే సెగ చాలు. పదకొండు మందిమి హాల్లో పరుపులు పరుచుకుని రెండు రాత్రులు గడిపాం. పక్కింటి వాళ్లది కొత్త ఫైర్‌ప్లేస్, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. దానికీ బ్యాటరీ ట్రే ఉంది. అన్న వెళ్లి ప్యానెల్ తీసి నాలుగు సెల్లులు వేసి వెలిగించి వచ్చాడు. లేకపోతే వాళ్లు ఆ రాత్రీ కార్లో హీటర్ వేసుకుని పడుకునేవాళ్లు.

కంట్రోల్ ఎంచుకునేటప్పుడు షోరూమ్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న నేను అక్కడ నేర్చుకున్నదే: ‘కరెంటు పోతే ఇది ఎలా వెలుగుతుంది? ఎలా ఆగుతుంది?’

గోడ స్విచ్: కనిపించేంత అమాయకం కాదు

అన్నిటికన్నా సింపుల్ గోడ స్విచ్. చూడ్డానికి లైటు స్విచ్‌లాగే ఉంటుంది. చిక్కంతా అక్కడే.

మిల్లీవోల్ట్ సిస్టమ్‌లో ఆ స్విచ్ వెనకున్నది ఇంటి కరెంటు కాదు, థర్మోపైల్ నుంచి వచ్చే అర వోల్టు. ‘ఓహో, స్విచ్చే కదా’ అని ఆన్‌లైన్‌లో స్మార్ట్ స్విచ్ తెప్పించి ఆదివారం బిగించేద్దామనుకునే ఇంజినీర్లు మనలో తక్కువేం కాదు. ఆ స్మార్ట్ స్విచ్‌లు 120 వోల్టుల కోసం చేసినవి. అర వోల్టుకి అలవాటైన వాల్వ్‌కి 120 వోల్టులు తగిలితే వాల్వ్ పాడైపోతుంది. గ్యాస్ దగ్గర అది చిన్న విషయం కాదు. ఆ బాక్సులోకి ఇంటి కరెంటు వైరు రాకూడదు.

రెండో చిక్కు మా నాన్న ద్వారా తెలిసింది. మన దేశంలో స్విచ్ కిందికి నొక్కితే ఆన్. అమెరికాలో పైకి లేపితే ఆన్. డెబ్భై ఏళ్ల చెయ్యి ఆ అలవాటు మానదు. వచ్చిన మొదటి వారం హాల్లో లైటు ఆర్పబోయి నాన్న పక్కనున్న స్విచ్‌ని రెండుసార్లు అటూ ఇటూ చేశాడు. అప్పటికి గ్యాస్ కట్టేసి ఉంది కాబట్టి ఏం కాలేదు. “ఒరే, లైటుకీ నిప్పుకీ ఒకటే స్విచ్ ఏందిరా? పాలకీ పురుగుమందుకీ ఒకటే డబ్బా పెట్టినట్టు” అన్నాడు. యూజర్ ఇంటర్‌ఫేస్ గురించి అంతకన్నా మంచి రివ్యూ నేను వినలేదు.

గోడ స్విచ్ వద్దని కాదు. లైటు స్విచ్‌ల వరసలో ఉండకూడదు. రంగు వేరుగా ఉండాలి, పిల్లలకు అందకూడదు, మీద పెద్ద అక్షరాలతో ‘మంట’ అని రాసి ఉండాలి.

ఇందులోనే ఇంకో మంచి రకం టైమర్ స్విచ్. 30 నిమిషాలు, గంట, రెండు గంటలు అని పెడితే టైమ్ అవగానే ఆగిపోతుంది. కీ ఇచ్చి తిప్పే పాత గడియారం లాంటి స్ప్రింగు టైమర్‌కి కరెంటు కూడా అక్కర్లేదు. కాకపోతే మిల్లీవోల్ట్‌కి పనికొస్తుందని రాసి ఉన్నదే తీసుకోవాలి. ‘ఆపడం మర్చిపోయామేమో’ అనే బెంగకు ఇంతకన్నా చవకైన మందు లేదు.

రిమోట్: సుఖమే, కానీ సోఫా సందులో

రిమోట్‌తో సోఫాలోంచి లేవక్కర్లేదు. మంచి రకాల్లో మంట ఎత్తు తగ్గించొచ్చు, ఫ్యాను వేగం మార్చొచ్చు. చైల్డ్ లాక్ ఉంటుంది. రిమోట్ నుంచి కొంతసేపు సిగ్నల్ రాకపోతే దానంతటదే మంట ఆపేసే రిసీవర్లూ ఉన్నాయి. కొనేముందు ఈ రెండూ ఉన్నాయో లేదో చూడాలి.

పిల్లలున్న ఇంట్లో రిమోట్ ఎక్కడుంటుందో మీకు తెలుసు. మొదట సోఫా సందులో, తర్వాత బాబు నోట్లో. టీవీ రిమోట్ దొరక్కపోతే సీరియల్ పోతుంది. మంట రిమోట్ దొరక్కపోతే ఎలా ఆపాలి? రిసీవర్ దగ్గర, అంటే ఫైర్‌ప్లేస్ పక్కనో కిందనో, ఆన్–రిమోట్–ఆఫ్ అని మూడు స్థానాలుండే చిన్న స్లైడర్ ఉంటుంది. రిమోట్ పెట్టించుకున్న ప్రతి ఇంట్లో అందరికీ తెలియాల్సింది రిమోట్ కన్నా ముందు ఆ స్లైడరే.

థర్మోస్టాట్: తనంతట తానే వెలిగితే?

గది 68 డిగ్రీలకు తగ్గగానే వెలుగు, 70 రాగానే ఆరిపో అని చెప్పేస్తే చాలు. డైరెక్ట్ వెంట్ హీటర్ రకానికి ఇది సరిగ్గా సరిపోతుంది. గదిని మరీ వేడెక్కనివ్వదు, గ్యాస్ కూడా ఆదా.

అయితే రెండు షరతులు. అలంకారం కోసం చిమ్నీలో పెట్టే గ్యాస్ దుంగలకు థర్మోస్టాట్ పెట్టకూడదు. కంపెనీల మాన్యువల్స్‌లోనే ఆ మాట రాసి ఉంటుంది. కారణం తేలికే. మనిషి చూస్తూ వెలిగించాల్సిన వస్తువును ఎవరూ లేని గదిలో దానంతటదే వెలగనివ్వకూడదు. రెండోది, మిల్లీవోల్ట్ వాల్వ్‌కు దానికి తగ్గ థర్మోస్టాటే కావాలి. సెంట్రల్ ఏసీకి వాడే 24 వోల్టుల స్మార్ట్ థర్మోస్టాట్ తెచ్చి నేరుగా కలిపితే పనిచెయ్యదు.

మాకు థర్మోస్టాట్ వద్దనిపించింది బాబు వల్ల. ఫైర్‌ప్లేస్ అద్దం 400 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి వేడెక్కొచ్చు. మంట ఆరాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. చూడ్డానికి మామూలు అద్దమే. పాకే పిల్లలు అందులో తమ నీడ చూసుకోడానికి రెండు అరచేతులూ ఆనిస్తారు. వెంటనే చేతులు తీసుకోవాలని వాళ్లకు తెలియదు. అద్దం ఉష్ణోగ్రత 172 డిగ్రీలు దాటే గ్యాస్ ఫైర్‌ప్లేస్‌లకు ముందు రక్షణ తెర ఉండాలని అమెరికా ప్రమాణాల్లో నిబంధన చేర్చారు. అది 2015 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మాది 2006 నాటిది. తెర లేదు. అంతకు ముందు కట్టిన ఇల్లు కొన్న ప్రతివాళ్లూ ఒకసారి చూసుకోవాల్సిన విషయం ఇది.

ఫోన్: ఆపడానికి మంచిది, వెలిగించడానికి?

ఇక నా ఫీల్డుకి వద్దాం. వైఫై మాడ్యూల్ పెట్టిస్తే ఆఫీసులోంచే మంట వెలిగించొచ్చు. ఇంటికెళ్లేసరికి హాలు వెచ్చగా ఉంటుంది. వినడానికి బాగుంది. కానీ ఇంకోసారి ఆలోచించండి.

ఫోన్‌కి గదిలో ఏముందో తెలియదు. సంక్రాంతికి మా ఆవిడ హాల్లో బొమ్మల కొలువు పెట్టింది. మెట్లకు పట్టుచీర పరిచింది. ఆ రోజు ఫైర్‌ప్లేస్ ముందు రంగుకాగితాలు, గిఫ్టు పెట్టెలు, అమ్మ ఆరేసిన బాబు టోపీ ఉన్నాయి. మంటకు ముందు మూడడుగుల దాకా అంటుకునే వస్తువేదీ ఉండకూడదు. గదిలో ఉన్న మనిషికి అది ఒక్క చూపులో తెలుస్తుంది. 20 మైళ్ల దూరంలో ఉన్న నాకు తెలియదు. తెరిచి ఉండే ఫైర్‌ప్లేస్ అయితే డ్యాంపర్ తెరిచి ఉందో లేదో కూడా తెలియదు. లోపల మధ్యాహ్నం నిద్రలో ఉన్న అమ్మానాన్నలకు మంట వెలిగిందనీ తెలియదు.

సాఫ్ట్‌వేర్ వైపు నుంచి చూసినా అంతే. నెట్ ఆగిపోయినప్పుడు పంపిన ‘ఆన్’ కమాండ్ కాసేపయ్యాక వెళ్లి చేరితే? కంపెనీ ఆ యాప్‌ను మూడేళ్ల తర్వాత ఆపేస్తే? టీవీలో ఎవరో అన్న మాటకు వాయిస్ అసిస్టెంట్ స్పందిస్తే? లైటు విషయంలో ఇవి జోకులు. మంట విషయంలో కాదు. ఏ బగ్గయినా రావొచ్చనే అనుకుని డిజైన్ చెయ్యమని మాకు ఆఫీసులో చెప్తారు. ఇంట్లో మాత్రం ఆ పాఠం ఎందుకు మర్చిపోవాలి?

మరి ఫోన్ పనికిరాదా అంటే, ఆపడానికి బాగా పనికొస్తుంది. ఎయిర్‌పోర్టులో కూర్చుని ‘మంట ఆపామా?’ అని డౌటొస్తే చూసుకుని ఆపేయొచ్చు. పొరపాటున ఆపినా పోయేదేం లేదు, గది కాస్త చల్లబడుతుంది. పొరపాటున వెలిగిస్తే ఏం పోతుందో చెప్పలేం.

అప్పుడే నాకు లెక్క తేలింది. ఆన్, ఆఫ్ రెండూ ఒకే బటన్‌కి రెండు వైపులని మనం అనుకుంటాం. మంట విషయంలో అవి రెండు వేరే పనులు. వెలిగించడానికి మనిషి ఆ గదిలోనే ఉండాలి, చూస్తూ ఉండాలి. ఆపడం మాత్రం ఎవరైనా, ఎక్కడి నుంచైనా, ఏమీ చెయ్యకపోయినా టైమ్ అయిపోగానే జరిగిపోవాలి. స్విచ్, రిమోట్, థర్మోస్టాట్, ఫోన్... దేన్నయినా ఈ త్రాసులో పెట్టి చూడండి. ఏది మీ ఇంటికి పనికొస్తుందో తేలిపోతుంది.

మేం తీసుకున్న నిర్ణయం

ఆ త్రాసులో తూచి, పాత పద్ధతి మిల్లీవోల్ట్ వాల్వే మళ్లీ పెట్టించాం. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, రిమోట్, వైఫై కలిపి ఇచ్చిన కోట్ కన్నా కొన్ని వందల డాలర్లు తగ్గింది కూడా. పాత స్విచ్ తీయించి, ఫైర్‌ప్లేస్ పక్కనే పెద్దవాళ్ల భుజం ఎత్తులో స్ప్రింగు టైమర్ పెట్టించాం. గరిష్ఠంగా రెండు గంటలు. అద్దం ముందు తెర, దానికి మూడడుగుల ఇవతల బాబు కోసం గోడకు బిగించే గేటు. హాల్లో, పడకగదుల బయట కార్బన్ మోనాక్సైడ్ అలారాలు, కరెంటు పోయినా మోగేలా బ్యాటరీ ఉన్నవి. ఏప్రిల్‌లో పైలట్ ఆపేస్తాం.

“నీ ఇంట్లో ఇదొక్కటే ఫోన్‌కి కలపనిది” అని ఫ్రెండ్స్ ఆటపట్టిస్తారు. నిజమే. అందరికీ ఇదే సరిపోతుందనీ అనను. ఇంట్లో ఇద్దరే ఉండి, డైరెక్ట్ వెంట్ ఉండి, రోజూ గది వెచ్చబెట్టుకునేవాళ్లకు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, థర్మోస్టాట్ ఉన్న రిమోట్ బాగా నప్పుతాయి. కొలరాడోలో ఉండే మా కజిన్ అలాగే పెట్టించుకున్నాడు. బ్యాటరీ ట్రే ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ చూపించాడు కూడా. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు వంగి కింది నాబ్ తిప్పడం కన్నా రిమోటే మేలు.

అమ్మకి టైమర్ చూపించినప్పుడు ఒక్కటే అడిగింది. “నాన్నా, ఇది ఆగలేదనుకో, నేనేం చెయ్యాలి?” కింది ప్యానెల్ తీసి గ్యాస్ లైన్ మీదున్న చిన్న వాల్వ్ చూపించాను. పిడి పైపుకి అడ్డంగా తిరిగితే గ్యాస్ ఆగినట్టు. రెండుసార్లు తనతోనే తిప్పించాను. వాల్వ్‌కి, స్విచ్‌కి, రిమోట్‌కి పెట్టిన ఖర్చంతా ఒక ఎత్తు, ఆ రెండు నిమిషాలు ఒక ఎత్తు.

కంట్రోల్ ఎంచుకునే ముందు ఇవి చూసుకోండి

* ముందు రకం తెలుసుకోండి. తెరిచి ఉండే ఫైర్‌ప్లేసా, అద్దం సీల్ చేసిన డైరెక్ట్ వెంటా? తెరిచి ఉండేదైతే థర్మోస్టాట్, ఫోన్‌తో వెలిగించడం వద్దు. డ్యాంపర్‌కి క్లాంపు ఉందో లేదో చూడండి.

* ఎప్పుడూ వెలిగే పైలట్ ఉందా, స్పార్కుతో వెలిగే రకమా? స్పార్కు రకమైతే బ్యాటరీ ట్రే ఎక్కడుందో ఈ రోజే వెతికి పెట్టుకోండి. సెల్లులు ముందే వేసి ఉంచాలా, కరెంటు పోయాకే వెయ్యాలా అన్నది మాన్యువల్‌లో ఉంటుంది.

* గోడ స్విచ్ వెనక వైర్లను సొంతంగా ముట్టుకోవద్దు. వాల్వ్ పని లైసెన్స్ ఉన్న టెక్నీషియన్‌దే.

* దానంతటదే ఆగే ఏర్పాటు ఏదో ఒకటి ఉండాలి. టైమర్ కావొచ్చు, రిమోట్‌లోనిది కావొచ్చు.

* 2015కి ముందుదైతే అద్దం ముందు తెర ఉందో లేదో చూడండి. పిల్లలుంటే గేటు కూడా.

* పైలట్ ఆరిపోతే గ్యాస్ కట్టేసి కనీసం ఐదు నిమిషాలు ఆగాకే మళ్లీ వెలిగించాలి. కుళ్లిన గుడ్ల వాసనొస్తే ఏ స్విచ్చూ వెయ్యకుండా, ఆపకుండా అందరూ బయటికి వెళ్లి, బయట నుంచే గ్యాస్ కంపెనీకి ఫోన్ చెయ్యాలి.

* ఇంట్లో పగలు ఉండేది ఎవరో వాళ్లతోనే ఒకసారి మంట ఆపించి చూడండి. వాళ్లకు రాకపోతే ఆ కంట్రోల్ ఎంత ఖరీదైనదైనా మీ ఇంటికి పనికిరాదు.